చింకి గుడ్డల బేరం

“ఒంటిగంటకి ఇంగ్లండ్ రాయబారి ఓడెక్కుతాడు. ఈలోగా ఆధారం ఆయన చేతిలో పెట్టకపోతే లండన్‌లో మీ అన్నకి ఉరి. అర్థమైందా?”

సుంకాల అధికారి రోసెన్ కాగితాల్లోంచి తల ఎత్తలేదు. పైకి సుంకాలు, లోపల డెన్మార్క్ రాజుగారి గూఢచారులకు ఆయనే పెద్ద. ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ ఇవర్‌కు ఒళ్ళు మండిపోతోంది.

మండదూ మరి! మూడు నెలల్లో నాలుగు ఇంగ్లిష్ ఓడలను ఎవరో దోచుకున్నారు. వాళ్ళు ఎగరేసింది మన జెండా. చూపించింది మన రాజుగారి ముద్ర ఉన్న దోపిడీ లైసెన్సు, అంటే శత్రువుల ఓడలను దోచుకోవచ్చని రాజు ఇచ్చే అనుమతి పత్రం. రెండూ నకిలీవే. ఇంగ్లండ్ వినిపించుకోకుండా కత్తులు నూరుతోంది. లండన్‌లో కలప దించి వస్తున్న ఇవర్ అన్న లౌరిద్స్‌ను దొంగల నాయకుడని పట్టుకుంది. ఇదంతా ఆ కలప వ్యాపారం మన చేతిలోంచి లాక్కోవాలని ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుల ముఠా ఒకటి ఆడిస్తున్న ఆట.

“రేవులో మన వేగు డొరొతె కబురు పంపింది,” అన్నాడు ఇవర్. “కెప్టెన్ హెరిట్ ఓడలో నీలం పట్టీల పీపాలు ఆరు. కొత్త జెండాలు, లైసెన్సులు వాటిలోనే ఉన్నాయట. తెరిపించండి.”

“డచ్చి ఓడ. సోదా చెయ్యబోమని వాళ్ళతో ఒప్పందం ఉంది. మూత ముట్టుకుంటే అది మంటగలిసినట్టే. కెప్టెన్ ఏది రాయిస్తే అదే సరుకు, ఎంత రాయిస్తే అదే విలువ.”

“అబద్ధం రాయిస్తే?”

“మంచి ద్రాక్షసారాయిని చవగ్గా రాయించాడనుకో, ఆ ధరకే రాజుగారి పేరిట మనం కొనేస్తాం, అతను కాదనడానికి లేదు. ఇతను రాయించింది కాగితం మిల్లుకి పోయే చింకి గుడ్డలు. ఆరు పీపాలూ కలిపి పన్నెండు వెండి డాలర్లు. చెత్త కొనడానికి ఖజానాలోంచి చిల్లిగవ్వ కూడా రాదు. వెళ్ళు, ఏదో ఒకటి చెయ్యి.”

ఏదో ఒకటట! పోయేది ఆయన అన్న కాదుగా.

పన్నెండున్నరకు ఇవర్ సుంకం గుమాస్తా వేషంలో ఓడెక్కాడు. పెట్టుడు మీసం, వేళ్ళకు సిరా, చేతికర్రలో దాచిన బరమా. ఎవరూ చూడకుండా పీపాకు చిల్లు పొడిచి లోపలి సరుకు లాగాలని పథకం.

“రండి ఏజెంట్ గారూ!” హెరిట్ పకపకా నవ్వాడు. “మీసం జారుతోంది, చూసుకోండి.”

అతని పక్కన తెల్లని లేసు గౌనులో డొరొతె నిలబడి ఉంది. రేవు మొత్తం మీద అందగత్తె. ఇద్దరికీ పనిచేస్తుందని ఇవర్‌కు అప్పుడు తెలిసింది.

“ఏం చెయ్యను ఇవర్? బుధవారం నువ్వు డబ్బిచ్చావు, గురువారం ఈయనిచ్చాడు.”

“ఆ కర్ర నీళ్ళలో పారెయ్,” అన్నాడు హెరిట్. “పీపాకి చిల్లు పడిందంటే రేపే మా డచ్చి రాయబారి మీ రాజు మెడ మీద కూర్చుంటాడు. మీ అన్నకి నా దండాలు చెప్పు. లండన్‌లో తాళ్ళు గట్టివేనట!”

ఇవర్ చెయ్యి నడుముకున్న కత్తి మీదకు పోయింది. కింద రేవులో ఇంగ్లండ్ రాయబారి పడవ వైపు నడుస్తున్నాడు. ఇక్కడ ఒకణ్ణి పొడిస్తే అక్కడ లౌరిద్స్ పని అయిపోయినట్టే. ఇవర్ పళ్ళు కొరుక్కుని కత్తి వదిలేశాడు.

“సరుకు కాగితం మీద సంతకం పెట్టావా?”

“పొద్దున్నే. మీ రోసెన్ గారి ముందే.”

“పన్నెండు డాలర్లని?”

“ఆ. చింకి గుడ్డలకి అదే ఎక్కువ.”

ఇవర్ తన సంచి విప్పాడు. జీతం డబ్బులు పన్నెండు డాలర్లూ పక్కనున్న నీలం పట్టీల పీపా మీద విసిరికొట్టాడు.

“రాజుగారి పేరిట కొన్నాను.”

హెరిట్ డబ్బులు వెనక్కి తోశాడు. “ఆగాగు! గుడ్డలు ఎవడు కొంటాడయ్యా? ధర తప్పు పడింది. పన్నెండు వందలు!”

“సంతకం పెట్టేశావుగా. ఇది మా సరుకు. మా పీపా మేం తెరుచుకుంటే ఏ ఒప్పందానికీ నొప్పి లేదు. తప్పుకో!”

రాయబారి ఒక కాలు పడవలో పెట్టాడు. ఇవర్ ఒక్క తన్ను తన్నాడు. పీపా ఓడ నుంచి గట్టుకు వేసిన పలక మీదుగా దొర్లుకుంటూ పోయి గట్టు మీద రాయబారి ముందే పగిలింది. కొత్త జెండాలు, పేరు రాయని లైసెన్సుల కట్టలు చెల్లాచెదురుగా పడ్డాయి. రాయబారి ఒక లైసెన్సు తీసి చదివాడు, పడవలోంచి కాలు వెనక్కి తీశాడు.

“లౌరిద్స్‌ని వదిలెయ్యమని లండన్‌కి ఇప్పుడే రాస్తాను,” అన్నాడు.

భటులు హెరిట్‌ను పట్టుకున్నారు. మిగతా ఐదు పీపాల్లో జెండాలే దొరికాయి. డొరొతె అప్పటికే జారుకుంది.

రోసెన్ వగరుస్తూ వచ్చి లైసెన్సు ఒకటి వెలుగుకు పెట్టి చూశాడు. “భలే అచ్చు వేశారు! మన ముద్ర కంటే బావుంది. రాయబారికి రెండు ఇచ్చి మిగతావి దాచు. వచ్చే వసంతంలో స్వీడన్ ఓడల మీదకి మనకే పనికొస్తాయి. పట్టుబడితే నకిలీవనొచ్చు.”

అక్కడ కూడా ఇలాగే ఎవరి అన్నో, ఎవరి తమ్ముడో ఉరికి వేలాడతాడు.  ఇవర్ రాయబారి చేతిలో రెండు పెట్టి, మిగతా కట్టలన్నీ ఎత్తుకుని, గట్టు మీద తారు కాగుతున్న పొయ్యి దగ్గరికి నడిచాడు.

“ఒరేయ్! రాజుగారి సరుకురా అది!”

“అయితే నా పన్నెండు డాలర్లు ఇప్పించండి.”

రోసెన్ జేబులో చెయ్యి పెట్టాడు. జన్మలో చెత్తకు చిల్లిగవ్వ ఇవ్వని చెయ్యి, అక్కడే ఆగిపోయింది. అది బయటికి వచ్చేసరికి లైసెన్సులు బూడిదయ్యాయి. చేతిలో మాత్రం ముక్కు తుడుచుకునే రుమాలు ఉంది.