ట్యాంకు కింద నిలబడొద్దు

ఇది మూడో అంతస్తు సరోజన చెప్పిన ముచ్చట. ఆమెకు వాచ్‌మన్ భార్య గంగి చెప్పిందట, గంగి కళ్లారా చూసిందట. సుత్తె పట్టుకున్న పిల్ల ఎవరో వచ్చి, జోరువానలో, టెర్రస్ మీద సెక్రటరీ కొండల్‌ను చెయ్యి పట్టి గుంజిందట. పొద్దుగూకేసరికి జనగామలోని ఆ అపార్ట్‌మెంట్ ఇరవై ఫ్లాట్లకూ కబురు పాకింది. ఐదో అంతస్తుకు ఎక్కేసరికి గుంజడం కాస్తా కౌగిలింత అయింది.

కౌగిలింత అబద్ధం. గుంజడం మాత్రం నిజం.

కొండల్‌కు మార్కెట్ యార్డు దగ్గర విత్తనాల దుకాణం. అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీ కావడానికి అతనికున్న అర్హత ఒక్కటే, ఎన్నికల మీటింగుకు రాకపోవడం. రానివాణ్ని ఎన్నుకోవడం అక్కడి ఆనవాయితీ. నాలుగేళ్లుగా మోటారు కాలినా, లిఫ్టు నడుమ ఆగినా అతని ఫోనే మోగేది. ప్రతిసారీ ఇంటింటికీ తిరిగి చందా అడగాలి, ప్రతి గుమ్మం దగ్గరా నాలుగు మాటలు పడాలి.

ఆ బాధ తట్టుకోలేక హనుమకొండలో ఒక కంపెనీకి ఫోన్ చేశాడు. బిల్డింగులో ఏ వస్తువుకు ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షుందో పరీక్షించి, అది పాడయ్యేనాటికి సిద్ధంగా ఉండాలంటే సంఘం నెలనెలా ఎంత పక్కకు పెట్టాలో వాళ్లు రాసిస్తారు. వాళ్లు పంపిన ఇంజినీరే తనూజ. సొంతూరు మొగుళ్లపల్లి.

ఆమె వచ్చే ముందురోజే కొండల్ ఒక ఘనకార్యం చేశాడు. చుట్టాలొస్తున్నారంటే గోడలకు సున్నం కొట్టే ఇల్లు వాళ్లది. ఇంజినీరు వస్తోందనగానే పెయింటర్ టీక్యాను పిలిపించి, టెర్రస్ మీద నీళ్ల ట్యాంకును మోసే నాలుగు పిల్లర్లకూ పగుళ్లు పూడ్పించి, తళతళలాడేలా రంగు వేయించాడు. బిల్డింగుకు మంచి మార్కులు పడతాయని ఆశ.

"ఏంది సెక్రటరీ సార్, రంగు వాసనొస్తున్నది?" టెర్రస్ మీద అడుగు పెడుతూనే అడిగింది తనూజ.

"మీరొస్తున్నరని, మేడం."

"నేనేమన్న పెండ్లిచూపులకొచ్చిన్నా?"

కొండల్ చెవులు ఎర్రబడ్డాయి. ఆమె బ్యాగులోంచి చిన్న సుత్తె తీసింది.

"దాంతోనేం జేస్తరు?"

"కొట్టి చూస్త. లోపల గట్టిగుంటే టంగుమంటది, డొల్లగుంటే డొబ్బుమంటది. పుచ్చకాయ కొనేటప్పుడు మీరు కొట్టి చూడరా?"

"నేను విత్తనాలే అమ్ముత మేడం. కాయ ఎట్లయితదో దేవునికెరుక."

ఆమె పకాలున నవ్వింది. ఎడమ బుగ్గన సొట్ట పడింది. బిల్డింగు వివరాలు రాసుకునే కాగితం కొండల్ చేతిలోనే ఉంది గానీ, ఆ సొట్టను ఏ గడిలో రాసుకోవాలో అతనికి తోచలేదు.

మొదటి పిల్లరు టంగుమంది. రెండోదీ టంగుమంది. మూడోది డొబ్బుమంది. ఆమె కాస్త కిందుగా మళ్లీ కొట్టింది. డొబ్బు. నవ్వు మాయమైంది. నాలుగడుగులు వెనక్కి వేసి, పిల్లరును పైనుంచి కిందిదాకా చూసింది.

పొద్దటి నుంచి గురగురలాడుతున్న మొగులు అప్పుడే ఒక్కసారిగా కుమ్మరించింది. కొండల్ ఉరికి ట్యాంకు కింద నిలబడ్డాడు. వాన, పక్కన ఎవరూ లేరు, ఇద్దరికి సరిపోయే జాగా. దేవుడే పంపించాడనుకున్నాడు.

"మేడం, గీడికి రాండ్రి! తడుస్తరు!"

"ముందు నువ్వు బయటికి రా!" వానలో నిలబడే అరిచింది తనూజ.

"ఏం పర్వాలే, శానా జాగున్నది!"

ఆమె ఒక్క ఉదుటున వచ్చి, అతని మణికట్టు పట్టి బయటికి గుంజింది. మెట్ల తలుపు దగ్గర్నుంచి గంగి చూసింది దీన్నే.

"పదివేల లీటర్ల నీళ్లు నీ నెత్తి మీదున్నయ్! ఆ పిల్లర్ల ఇనుము ఎంత మిగిలిందో తెల్వది. ఎవరు ఏపిచ్చిండ్రు గీ రంగు?"

"నేనే."

"పగుళ్లు కనవడలేదా?"

"కనవడ్డయ్. గందుకే ఏపిచ్చిన."

తనూజ ముఖం మీది వాన తుడుచుకుంది. "రోజూ గీడ ఎవరుంటరు?"

"సరోజనక్క మిరపకాయలు ఆరబోస్తది. పొద్దుగూకంగ పిల్లలు..." కొండల్ వెనక్కి తిరిగి ట్యాంకు కిందికి చూశాడు. పిల్లలు సుద్దముక్కతో గీసుకున్న తొక్కుడుబిళ్ల గడులు అక్కడే ఉన్నాయి.

"నీళ్లు ఇప్పుడే ఖాళీ చేపియ్యి. పక్కపొంటి ఆసరకు ఇనుప జాకీలు పెట్టియ్యి. ఆదివారం మీటింగుల రిపోర్టు చదువుత. పగుళ్ల మీద రంగేసిండ్రని రాస్త. ఎవరేపిచ్చిండ్రో రాయ. అది చెప్పుడు నీ పని."

మీరు అన్నది ఎప్పుడు నువ్వు అయిందో కొండల్ గమనించాడు. సంతోషపడాల్సిన నువ్వు మాత్రం కాదది.

ఆదివారం పార్కింగులో కుర్చీలు వేశారు. తనూజ చదివింది. లిఫ్టుకు ఏడేళ్లు. మోటారుకు రెండేళ్లు. టెర్రస్ పూతకు ఒక్క వానకాలం. మూడో పిల్లరుకు ఒక్కరోజు కూడా లేదు, పగుళ్లు రంగుతో కప్పి ఉన్నాయి.

"టీక్యాగాడు జేసిన మోసం గిది!" రెండో అంతస్తు రిటైర్డ్ హెడ్‌మాస్టర్ లేచాడు. "వాన్ని ఇంకోపాలి గేటు లోపలికి రానియ్యొద్దు!"

అవునవునన్నారు అందరూ. మెట్ల దగ్గర రెయిలింగుకు రంగు వేస్తున్న టీక్యా చేతిలో బ్రష్ ఆగిపోయింది. అతను కొండల్ వైపు చూసి తల దించుకున్నాడు. తనూజ ఫైలు మూసి, ఆమె కూడా కొండల్ వైపే చూసింది.

నోరు మూసుకుంటే సెక్రటరీ పరువు నిలుస్తుంది. టీక్యాకు ఈ గేటు మూసుకుపోతుంది. ఆ పిల్ల మళ్లీ ఈ జన్మలో తన ముఖం చూడదు.

"టీక్యా వద్దనే అన్నడు." కొండల్ లేచాడు. "సేటూ, గిది రంగుతోని పోయేది గాదు, మేస్త్రీని పిలువుండ్రి అన్నడు. ఇంజినీరు ముందట ఇజ్జత్ పోతదని నేనే ఏపిచ్చిన. తప్పు నాది. సెక్రటరీగ దిగిపోత."

సరోజన కుర్చీలోంచే కసిరింది. "దిగిపోతె మోటారు కాలిననాడు ఎవనికి ఫోన్ జెయ్యాలె? కూసో!"

అరగంట తిట్టారు. తిట్టి తిట్టి అలసిపోయాక, నెలనెలా కొంత పక్కకు పెట్టడానికి ఒప్పుకున్నారు. కొండల్ వెళ్లి టీక్యా చెయ్యి పట్టుకున్నాడు. తనూజ వెళ్తూ వెళ్తూ, "శనివారమొస్త, పని చూడనీకి" అంది. బుగ్గ మీద సొట్ట కనబడీ కనబడనట్టుంది.

శనివారాలు మూడు నెలలు సాగాయి. కుళ్లిన సిమెంటు కొట్టేసి, కొత్త ఇనుము కట్టి, మూడో పిల్లరును మళ్లీ నిలబెట్టారు. ఆమె సుత్తె పట్టుకొచ్చేది, అతను చాయ్ పట్టుకొచ్చేవాడు.

"నీ లిస్టుల లిఫ్టున్నది, మోటారున్నది. సెక్రటరీకి ఎన్నేండ్లో రాయకపోతివి."

"మనిషిని ఒక్కపాలి చూస్తె తెల్వది. వారం వారం చూడాలె."

"ఎన్ని వారాలు?"

"పనయిపోయేదాక."

"అయిపోయినంక?"

ఆమె కొత్త పిల్లరును కొట్టింది. టంగుమంది. "మా నాయినను అడుగు" అంది, సుత్తె బ్యాగులో వేసుకుంటూ.

అడగడానికి మొగుళ్లపల్లికి పోయారు. కొండల్, అతని తల్లి కనకమ్మ, పిలవకుండానే కారెక్కిన సరోజన. తనూజ నాయిన ప్రకాశం ఇంటి ముందరి గోడకు పచ్చిగా సున్నం మెరుస్తోంది. ఆ వాసన కొండల్‌కు బాగా ఎరుక.

ప్రకాశం మంచం మీద కూర్చుని, కొండల్‌ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"పగుళ్ల మీద రంగేపిచ్చినోడవట గదా? ముచ్చట మా ఊరిదాక వచ్చింది. రేపు నా బిడ్డ కాడ ఏం దాస్తవో ఎవనికెరుక?"

కనకమ్మ కొంగు సర్దుకుంది. కొండల్ లేచి ఏదో చెప్పబోయాడు. అంతలో తనూజ వచ్చి, చాయ్ పళ్లెం నాయిన ముందు పెట్టింది.

"పిలగాన్ని మూడు నెలలు కొట్టి చూసిన, నాయినా. గట్టిగనే ఉన్నడు. డొల్లున్నది మన ముందరి గోడకే, నిన్న నువ్వు సున్నమేసిన కాడ."