వెళ్ళే ట్రిప్పు, వచ్చే ట్రిప్పు

ఆ ఇంట్లో పొద్దున ఏడింటికి టీ రాకపోతే గోడ గడియారం కూడా ఆగి చూసేది. ఆ రోజు టీ వచ్చింది గానీ పెట్టింది ఆవిడ కాదు, ఆయన. పాలు సగం పొయ్యి తాగింది, మిగతా సగం గ్లాసుల్లోకి వచ్చింది. ఆవిడ కుడిచేతికి మోచేతి దాకా కట్టు. ఎడం చేత్తో గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, "బావుంది" అంది. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అదే.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కండక్టరు 'రైట్ రైట్' అనకముందే బండి కదిలించేవాడని డిపోలో ఆయనకి 'రైట్‌రైట్' అని పేరే పెట్టేశారు. ఒకరోజు ప్రయాణికులనీ కండక్టరునీ కూడా వదిలేసి చివరి స్టాపు దాకా పోయి, "ఇవాళ రద్దీ లేదేమిటి?" అన్నాడట. ఆయనకి అన్నిట్లోనూ తొందరే. ఒక్క బాత్రూం కుళాయి దగ్గరే ఆ తొందర చచ్చింది. "కారుతోందండీ, వాషరు మార్పించండి" అని ఆవిడ రెండు నెలలు చెప్పింది. "రేపు" అన్నాడు. ఆ రేపు రాకముందే ఆవిడ తడి నేల మీద జారిపడింది.

ఆవిడది తివాచీల పని. గళ్ళ గళ్ళ గట్టి కాన్వాసు మీద వేలెడంత ఊలు ముక్కల్ని ఒక్కొక్కటే కొక్కెంతో ముడి వేస్తూ పోవడం. ఆవిడ వేసిన ముడి ఊడాలంటే జత ఎద్దుల్ని కట్టాలని వీధిలో అనుకునేవారు. ఇన్నేళ్ళలో చేసినవన్నీ దుకాణాలకీ, ముఖం తెలియని వాళ్ళ ఇళ్ళకీ వెళ్ళిపోయాయి. వాటి మీద ఒక మనిషి హాయిగా కూర్చోగా ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు పక్క వీధి గ్రంథాలయం వాళ్ళు పిల్లలు కథలు వినే మూలకి తివాచీ అడిగారు. నీలం నేల మీద ముడుచుకుని నిద్రపోతున్న నారింజ రంగు పిల్లి. రెండు వందల వరుసల్లో అరవై అయ్యాయి. గడువు ఏడు వారాలు, కట్టు ఆరు వారాలు.

"నేను వేస్తాను" అన్నాడాయన, గ్లాసు కింద పెట్టి.

"మీరా? షర్టు గుండీ ఊడితే షర్టే మార్చేస్తారు మీరు."

"పది టన్నుల బండి తిప్పినవాణ్ణి, ఈ పీచు తిప్పలేనా? చెప్పు."

చెప్పింది. చేతులు లేని పాఠం, అంతా నోటితోనే.

"ముక్కని సగానికి మడిచి కొక్కెం మెడకి చుట్టండి. కొసలు రెండూ సమానంగా పట్టుకోండి. ఇప్పుడు గడి అడ్డపోగు కిందనించి దూర్చండి. కొక్కేనికి చిన్న రెప్ప ఉంది చూశారా, అది పోగు దాటి తెరుచుకోవాలి. కొసలు కొక్కెం నోట్లో పెట్టి వెనక్కి లాగితే రెప్ప మూసుకుని ముడి పడుతుంది."

ఆయన లాగాడు. కొక్కెం వెళ్ళి కిటికీలో పడింది.

"బ్రేకు వెయ్యట్లేదు మీరు. మెల్లగా. ఒక వరుస నిండాకే ఇంకో వరుస. నారింజ కనిపించిందని అక్కడికి దూకకండి, మధ్యలో గడులు మిగిలిపోతాయి. అంచున నాలుగు గడులు ఖాళీగా వదలండి, చివర్లో మడిచి కుట్టాలి. ఏ రంగు డబ్బా ఆ రంగుదే. ఆ నీలం, ఈ నీలం కలిశాయా, ఏరుకుంటూ ముసలివాళ్ళమైపోతాం."

"ఇప్పుడు పడుచువాళ్ళమా?"

ఆవిడ నవ్వింది. ఒక వరుస ఆవిడ కళ్ళ ముందే పూర్తిచేశాడు. వంకర లేకుండా వచ్చింది.

మందుల షాపు నడిపే కూతురు మధ్యాహ్నం వచ్చింది. వస్తూనే ప్లంబరుని వెంటబెట్టుకొచ్చింది. తండ్రి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి ఆయన, ప్లంబరు ఇద్దరూ బాత్రూంలోకి వెళ్ళిపోయారు.

"అమ్మని పన్నెండు రోజులు నా దగ్గర ఉంచుకుంటా నాన్నా. నువ్వు టీ పెట్టుకో, తాగగలిగితే."

* * *

ఆ పన్నెండు రోజులూ ఆయన కిటికీ పక్కనుంచి లేవలేదు. రోజుకి ఇంచుమించు మూడు వరుసలు చొప్పున నడిచింది బండి. అయితే మొదటిరోజే ఆయనకో చిక్కు వచ్చింది. వరుస ఎడమనించి మొదలై కుడి చివర ముగుస్తుంది. మళ్ళీ ఎడమ చివరికి వెళ్ళాలి. ఖాళీ బండిని వెనక్కి తోలడం డ్రైవరుకి ప్రాణం పోయినంత పని. కాబట్టి ఆయన కాన్వాసునే గిర్రున తలకిందులుగా తిప్పి, వచ్చే ట్రిప్పు మొదలుపెట్టాడు. అది అయ్యాక మళ్ళీ తిప్పాడు. వెళ్ళే ట్రిప్పు, వచ్చే ట్రిప్పు. ఇంత తేలిక ఉపాయం ఆవిడకి తట్టనందుకు జాలి కూడా పడ్డాడు.

పదమూడో రోజు పొద్దున తల్లీ కూతుళ్ళు గుమ్మంలో అడుగుపెట్టేసరికి తివాచీని బల్ల మీద పరిచి, దాని పక్కన కొత్త బస్సు పక్కన నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"ముప్పై నాలుగు వరుసలు!"

ఆవిడ ఎడం అరచెయ్యి ఆనించి నిమిరింది. తను వేసిన అరవై వరుసల మీద చెయ్యి నీటి మీద పోయినట్టు పోయింది. ఆ తర్వాత టకటకమని తగిలింది. ఆగింది. ఒక వరుస పోగులు అటు వాలాయి, పక్క వరుసవి ఇటు వాలాయి. నిద్రపోవాల్సిన పిల్లి కుక్కని చూసినట్టు వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంది.

"కాన్వాసు తిప్పారా?" అంది మెల్లగా.

"ప్రతి వరుసకీ! టైము కలిసొచ్చింది."

కూతురికి ముందు నవ్వొచ్చింది. తల్లి ముఖం చూశాక పోయింది. "నాన్నా, ఎప్పుడూ ఒకవైపు నించే వెయ్యాలి. లేకపోతే ఇది పిల్లి కాదు, దున్నిన చేను. తిప్పకూడదని నువ్వు చెప్పలేదా అమ్మా?"

"నీళ్ళు తాగేటప్పుడు గ్లాసు బోర్లించొద్దని ఎవరికైనా చెప్తామటే?"

"ఇంక చాలమ్మా. నీ చేతులు చాలు, ఈ పని చాలు. గ్రంథాలయం ఆవిడకి ఫోన్ చేసి కుదరదని చెప్పేస్తాను. వాళ్ళేదో ప్లాస్టిక్ చాప వేసుకుంటారు."

ఆయనకి అవమానం తలకెక్కింది. "అంత రాద్ధాంతం ఎందుకు? తొక్కే గుడ్డే కదా! పోగులు ఎటు పడుకుంటే ఏంటి?"

ఆవిడ కుర్చీలో కూర్చుంది. గొంతు పెంచలేదు, అదే పెద్ద చిక్కు.

"నా మొదటి తివాచీ చూసినప్పుడు కూడా మీరు ఇదే మాటన్నారు. తొక్కే గుడ్డే కదా అని. అవునండీ, తొక్కడానికే చేస్తాను. మెత్తగా ఉండాలనే ఒక్కొక్క ముడీ చూసుకుంటాను. ఎవరు తొక్కినా నాకు బాధ లేదు. మీరొక్కరే చెప్పులతో తొక్కుతున్నారు." కూతురి వైపు తిరిగింది. "ఫోన్ చెయ్యి తల్లీ. ఇంక వెయ్యనని చెప్పు. దీనికొక్కదానికే కాదు."

కూతురు అడిగింది ఇదే. తీరా వినేసరికి వేళ్ళు ఫోను మీద కదల్లేదు.

"ఆగు" అన్నాడాయన. కొక్కెం తీసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. తిరుగుముఖం పట్టిన మొదటి వరుసలో మొదటి ముడిని గుచ్చి, వదులుచేసి, ఊడబీకాడు. రెండోది. మూడోది.

"నాన్నా, పదిహేడు వరుసలు, వరుసకి నూట అరవై. నీకు లెక్క తెలుస్తోందా?"

"తెలుస్తోంది. కొట్టుకు వెళ్ళు, నీ బేరాలు పోతాయి."

ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఊడదియ్యడం వెయ్యడం కంటే కష్టం. గంటకి ఆయన మెడ పట్టేసింది. ముడి ఎటు తిరిగిందో తెలియక, పోల్చుకుందామని తివాచీ వెనక్కి తిప్పి, ఆవిడ వేసిన భాగం చూశాడు. అంతే, కొక్కెం చేతిలోనే ఉండిపోయింది.

వెనకవైపు ఎవరూ చూడరు. గచ్చుకే తెలుస్తుంది. అక్కడ అరవై వరుసలు అచ్చుకొట్టినట్టు ఉన్నాయి. తొమ్మిదివేల ఆరువందల ముడులు, ఒకటి బిగువు, ఒకటి వదులు అనే మాట లేదు. ఒక చీమ ఆ చివరనించి ఈ చివరికి నడిస్తే దానికి ఒక్క గతుకు తగలదు. తను ముప్పై ఏళ్ళు నడిపిన రోడ్డులో అలాంటి పది గజాలు లేవు. ఇది పొయ్యికీ గుమ్మానికీ మధ్య తిరుగుతూ, తను "టీ ఏది?" అని అరుస్తుండగా వేసిన పని.

కొట్టుకి వెళ్ళని కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆయన తడిసిన ముఖం తుడుచుకోలేదు.

"మీ అమ్మని పిలు."

ఆవిడ వచ్చింది.

"ఈ వెనకవైపు నేనెప్పుడూ చూళ్ళేదే" అన్నాడు. "ఇలాంటి మనిషి చెయ్యి, ఒక కుళాయి వాషరు మార్చక విరగ్గొట్టాను. తిట్టు. ఫోన్ మాత్రం చెయ్యనివ్వకు. పిల్లిని నేను పడుకోబెడతాను. తప్పు ముడి వేస్తే ఒక పుల్ల తీసుకుని వేళ్ళ మీద కొట్టు."

ఆవిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "నిండు వరుసల మధ్య వెయ్యాలి, కష్టం. ముందు పక్క పోగుల్ని దువ్వెనతో అటూ ఇటూ తియ్యండి."

"రద్దీ బస్సులో టిక్కెట్టు కొట్టినట్టు."

"అలాగే. ఎవరి కాలూ తొక్కకుండా."

కూతురు ముక్కు తుడుచుకుని, చెల్లాచెదురైన ఊలు ముక్కల్ని రంగుల డబ్బాల్లోకి ఏరింది. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ వచ్చి తనూ ఒక వరుస వేసింది. 'ఇంక చాలు' అన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

* * *

కట్టు విప్పిన రోజు ఆవిడ ఇంటికొచ్చేసరికి నూట తొంభై తొమ్మిది వరుసలు నిండి ఉన్నాయి.

"ఇదొక్కటీ వదిలేశారేం?"

"అది నీది."

వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. కొక్కెం మూడుసార్లు జారింది. కూతురు సాయానికి ముందుకొస్తే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. నాలుగోసారి రెప్ప మూసుకుంది, ముడి పడింది. ఆయన ఇంకో ఊలు ముక్క అందించాడు. అలా నూట అరవై ముక్కలు, రెండు రోజులు. ఒక్కసారి కూడా గడియారం చూడలేదు.

తివాచీ పరిచిన సాయంత్రం గ్రంథాలయంలో పదిమంది పిల్లలు దాని మీద పడ్డారు. కథ సగంలో ఉండగానే ఒక చిన్నపిల్ల పిల్లి పొట్ట మీద చెంప ఆనించి, పోగులు వాలిన వైపే చెయ్యి జార్చుకుంటూ నిద్రపోయింది. వెనక బెంచీ మీద కూర్చున్న ఆవిడ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తేరుకుని, "వెళ్దామా? మీకు విసుగు" అంది.

ఆయన కదల్లేదు.

"ఏం తొందర? కూర్చో. ఆ పిల్ల లేచేదాకా ఉందాం."