పట్టుగూళ్ళ గిడ్డంగిలో గొంతు

చీకటి పడ్డాక జపానులోని ఈ ఒకాయా ఊళ్ళో ఆ కొండదారి ఎవరూ ఎక్కరు. కుక్కని తిప్పడానికి వచ్చినవాళ్ళు కూడా కిందనుంచే వెనక్కి మళ్ళిపోతారు.

దారి చివర ఉసుయి గారి ఇల్లుంది. పోయిన చలికాలం ఆయన చనిపోయిన దగ్గర్నుంచీ అది ఖాళీ. ఇంటి వెనక మందపాటి మట్టిగోడల గిడ్డంగి... ఒకప్పుడు పట్టుగూళ్ళు దాచేవాళ్ళు. ఆ గిడ్డంగిలోంచి ఒక ఆడగొంతు పిలిచేది.

"ఏవండీ..."

కాసేపు ఏమీ వినిపించేది కాదు. మళ్ళీ — "ఏవండీ..." రానురాను ఆ గొంతులో కోపం ఎక్కేది.

విన్నవాళ్ళందరూ ఒక్క సంగతి మాత్రం తప్పకుండా చెప్పేవాళ్ళు. మనిషి గొంతు అంత పెద్దగా ఉండదట. గోడలకే నోరొచ్చినట్టు ఉంటుందట.

సరస్సు ఒడ్డున నాకో చిన్న కాఫీ కొట్టుంది. అక్కడ కూర్చునే మొమొసే ఇదంతా నాకు చెప్పాడు. ఆయన పళ్ళ డాక్టరు. ఆయన చెప్పింది చెప్పినట్టే చెబుతాను. నా కోపం కలవకుండా చెప్పడం నావల్ల అవుతుందో లేదో మరి.

ఉసుయి, మొమొసే, ఇంకో ఇద్దరు... నలుగురికీ స్పీకర్ల పిచ్చి. పాట మీద కంటే పాట పలికే పెట్టెల మీదే ప్రాణం. నెలకోసారి ఒకరింట్లో చేరి, రికార్డు పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటారు. ఆ తరవాత నా కొట్టుకొచ్చి పోట్లాడుకుంటారు.

"మీ వైరు మారిస్తే గానీ ఆ వయొలిన్‌కి జలుబు తగ్గదండీ."

"జలుబు మీ చెవులకేమో, ముందు చూపించుకోండి."

"నీళ్ళ కరెంటయితే గొంతు తేటగా వస్తుంది. బొగ్గు కరెంటుకి మసి వాసన."

నవ్వుతారేమో, వాళ్ళు ఒట్టేసి మరీ అనేవాళ్ళు. ఊరందరికీ వచ్చే కరెంటు నచ్చక ఉసుయి తన గిడ్డంగికి విడిగా ఒక స్తంభమే వేయించుకున్నాడు. లోపల మనిషెత్తు బూరల స్పీకర్లు రెండు, వాటి ఎదురుగా ఒకే ఒక్క మంచి కుర్చీ. గడియ పెట్టుకుంటే లోపలివాళ్ళకి లోకంతో పని లేదు.

ఆయన భార్య కినుయె, ముసలి అత్తగారిని చూసుకుంటూ ఇంట్లోనే ఉండేది. కాఫీ పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయేది. లోపలికి రానిచ్చేవాడు కాదు. దుమ్ము లేస్తుందట.

మూడేళ్ళ కిందట మొమొసేకీ ఉసుయికీ చెడింది.

ఒక మంచు రాత్రి నలుగురూ ఆ గిడ్డంగిలో పియానో రికార్డు వింటున్నారు. వాయిద్యం బాగా సన్నగిల్లిన చోట, దాని వెనక ఎక్కడో దూరంగా... టక్. టక్... టక్.

"వాయించేవాడి కాలి మడమ నేలకి తగులుతోంది," అన్నాడు మొమొసే గుసగుసగా. "అంత చిన్న చప్పుడు కూడా పలికిస్తున్నాయి చూడండి ఈ పెట్టెలు." మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టి విన్నారు. ఒకాయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

మర్నాడే మొమొసే అదే రికార్డు కొన్నాడు. తనింట్లో ఆ చప్పుడు లేదు. ముల్లు మార్చాడు, వైర్లు మార్చాడు, ఆఖరికి తనూ స్తంభం వేయించాడు. లేదు.

"ఇంకొక్కసారి పెట్టండి, వింటాను," అని ఉసుయిని అడిగాడు. "ఆ రికార్డు ఇక పెట్టను," అన్నాడు ఉసుయి. మళ్ళీ అడిగితే ముఖం తిప్పుకున్నాడు. కిటుకేదో దాస్తున్నాడని మొమొసేకి ఒళ్ళు మండిపోయింది. నా కొట్టులో, అందరి ముందూ, "చప్పుడు కూడా దాచుకునే పీనాసిని నిన్నే చూశాను," అని మొహాన అనేశాడు. ఉసుయి తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆయన చనిపోతే మొమొసే చివరిచూపుకి కూడా పోలేదు.

ఈ ఆకురాలు కాలంలో కబురొచ్చింది — ఆ స్పీకర్లు టోక్యో వ్యాపారి కొనుక్కుపోతున్నాడని. మొమొసేలో చల్లారిన మంట మళ్ళీ లేచింది.

"చచ్చి కూడా దాస్తాడా," అన్నాడు నాతో. "అవి పోయేలోపు ఒక్కసారి విని తీరతాను."

"అక్కడ ఏదో పిలుస్తోందంటున్నారు, డాక్టరుగారూ."

"దెయ్యమైతే మరీ మంచిది. దానికి చెప్పాల్సిన మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి."

ఆ సాయంత్రమే పియానో రికార్డు చంకలో పెట్టుకుని కొండెక్కాడు.

పెరట్లో కోసే దిక్కులేని పళ్ళు చెట్టుకే మగ్గి రాలుతున్నాయి. గిడ్డంగి పైకిటికీ తెరిచి ఉంది. తలుపు... ఓరగా ఉంది. లోపల ఏదో ఎర్రగా మిణుకుమంటోంది. పాతకాలపు యాంప్లిఫయర్‌లో వేడెక్కి వెలిగే గాజుబుడ్లు అవి. ఎవరో స్విచ్చి వేశారు.

టార్చి వేసి లోపల అడుగు పెట్టాడు.

కుర్చీలో ఉసుయి ఉన్నాడు.

నవ్వుతున్నాడు. వెలుగు కాస్త కిందికి జారితే తెలిసింది — నల్ల రిబ్బను కట్టిన ఫొటో, అంత్యక్రియల్లో పెట్టింది. ఎవరో తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు... స్పీకర్లకి ఎదురుగా.

సరిగ్గా అప్పుడు —

"ఏవండీ..."

రెండు బూరల్లోంచీ ఒకేసారి వచ్చింది. రికార్డు చంకలోంచి జారి నేలమీద పడింది.

"ఏవండీ... తలుపు తియ్యండి. అత్తయ్య పడిపోయింది... తలుపు తియ్యండి." గొంతు పెరుగుతోంది. "వినబడటం లేదా. చీమ చిటుక్కుమన్నా వినబడే చెవులు కదా మీవి. నేనొక్కదాన్నే వినబడనా..."

మొమొసే వెనక్కి తిరిగి పరుగెత్తబోయి గుమ్మానికి గుద్దుకున్నాడు. టార్చి వెలుగు ఒక్కసారి గదంతా తిరిగింది. బూరల మధ్య, నేలమీద, ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. చేతిలో కరావోకే మైకు.

చెల్లెలి ఊళ్ళో ఉంటోందని అందరూ అనుకుంటున్న కినుయె.

"డాక్టరుగారా," అంది మైకు దించి. మామూలు గొంతు, ఎంతో చిన్నది. "రండి."

"మీరా అమ్మా... ఊరంతా దెయ్యమనుకుంటున్నారు."

"అనుకోనివ్వండి. దెయ్యమంటే జనం కనీసం చెవి ఒగ్గుతారు. వారానికోసారి వచ్చి ఆయన ముందు కూర్చుంటున్నాను. బతికుండగా చెప్పనివ్వనివన్నీ చెబుతున్నాను."

"మీ అత్తగారు నిద్రలో పోయారని చెప్పాడే..."

"మీకలా చెప్పాడు." అంది కినుయె. "ఆ మంచు రాత్రి మీరు నలుగురూ ఇక్కడే ఉన్నారు. ఆవిడ స్నానాలగదిలో కూలిపోయింది. అంబులెన్సు మంచులో పైకి ఎక్కలేక కొండకిందే ఆగింది. మోసుకొచ్చే మనుషులుంటే త్వరగా తీసుకురమ్మన్నారు. నలుగురు మగాళ్ళు ఉన్నారు కదా అని పరుగెత్తుకొచ్చాను. గడియ పెట్టుకున్నారు. అరిచాను. మంచు తోసే పార తిరగేసి కర్రతో తలుపు కొట్టాను."

"ఎలా... కొట్టారు?" అన్నాడు మొమొసే.

ఆమె అతని వంకే చూస్తూ మైకుని నేలకేసి కొట్టింది.

టక్. టక్... టక్.

మూడేళ్ళుగా అతను వెతుకుతున్న చప్పుడు బూరల్లోంచి వచ్చి అతని గుండెకి తగిలింది.

"ఎవరూ రాలేదు," అంది కినుయె. "వీపున వేసుకుని నేనే దిగాను. సగం దారిలో ఆవిడ చెయ్యి నా భుజం మీంచి జారిపోయింది. అన్నీ విన్నాక మీ స్నేహితుడేమన్నాడో తెలుసా. వాళ్ళకి చెప్పకు, బాధపడతారు... అన్నాడు. మీరు బాధపడతారని, డాక్టరుగారూ."

మొమొసే మోకాళ్ళమీద కూలబడి నుదురు నేలకి ఆనించాడు.

"లేవండి. ఆ క్షమాపణ నేనేం చేసుకోను." మైకు అతని చేతిలో కుక్కింది. "ఆయనకి చెప్పండి. నా మాట ఎన్నడూ ఆయన చెవికెక్కలేదు. మీరంటే గురి. ఆ చప్పుడేమిటో మీ నోటితో చెప్పండి."

కుర్చీలో ఉసుయి నవ్వుతూనే ఉన్నాడు. మొమొసే మైకుని నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"తలుపు... తలుపు కొట్టారు. వినబడింది... వినబడిందయ్యా... తియ్యలేదు."

గోడలు అదిరాయట.

ఇదంతా చెప్పి, మొమొసే ఖాళీ కప్పు నా ముందుకి జరిపాడు. నేను ఇంకో కప్పు పొయ్యలేదు. పొయ్యాలనిపించలేదు.

స్పీకర్లు లారీలో వెళ్ళిపోయాయి. కొండమీద మళ్ళీ ఏ గొంతూ లేదు. అయినా ఆ దారిన ఎవరూ వెళ్ళరు, ముందుకంటే ఎక్కువ భయపడుతున్నారు. ఎందుకంటే ఆ రాత్రి కొండకింది ఇళ్ళవాళ్ళు కిటికీలు తెరిచి మరీ విన్నారట... ఆడగొంతు పిలిచి పిలిచి ఆగిపోయాక, మొదటిసారి ఒక మగగొంతు, ఏడుస్తూ, "వినబడింది," అందట.

"పెళ్ళాం అన్నాళ్ళు పిలిస్తే, చచ్చాకైనా పలికాడు ఉసుయి," అని నా కొట్టులోనే చెప్పుకుంటారు. పక్క బల్ల దగ్గర మొమొసే తలెత్తడు.

నేనూ దిద్దను.