దిద్దని కన్ను

తెల్లారి ఆరు కాకముందే జక్కయ్య అరుగు మీద కూర్చుని కొడుకు కొయ్యబొమ్మలకి వేసిన కళ్ళు చెరిపేస్తున్నాడు. పల్లకీలో పెళ్లికూతురి ఎడమ కన్ను చెంప మీదికి జారింది. దాని మీద ముఖం రంగు అద్ది, ఆరాక మేకవెంట్రుకల కుంచెతో కొత్త కన్ను గీశాడు. నాలుగేళ్లుగా రోజూ ఇదే పని. కొడుకు నతానియేలు పదింటిదాకా లేవడు. లేచేసరికి కోడలు హెలెన్ బొమ్మల్ని గడ్డిలో సర్ది బుట్ట కట్టేస్తుంది. వాడికి తెలియదు.

కొండపల్లిలో ఆ ఇంటిదొక పద్ధతి. కర్ర ఎవరు చెక్కినా, కళ్ళు వేసినవాళ్ళదే బొమ్మ. జక్కయ్య భార్య తెరేసమ్మ కళ్ళు వేసేది. ఆమె నేర్పితే కొడుకు వేశాడు. ఇరవై ఏళ్ళప్పుడే విజయవాడ షాపువాళ్ళు నతానియేలు బొమ్మలని అడిగి తీసుకునేవాళ్ళు. ఆ ఏడే వాడు కాంట్రాక్టు కూలికి వెళ్ళి గంజాయి పట్టాడు. ఇప్పటికి పద్దెనిమిదేళ్ళు. 2000లో తెరేసమ్మ పోయింది. పెట్టె గోతిలోకి దించేటప్పుడు కొడుకు చొక్కా గంజాయి కంపు కొట్టింది. జక్కయ్య అది మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశమూ లేదు.

"మావయ్యా, ఇవాళ ఆసుపత్రికి మీరు తీసుకెళ్ళాలి. ఒకటే దగ్గు. బావి దాకా నడిచినా ఆయాసమే" అంది హెలెన్.

"నువ్వెళ్ళు."

"నేను చెబితే వింటారా? మీరంటే భయం."

"భయమే ఉంటే ఇట్టా తగలడేవాడా" అన్నాడు. అంటూనే లేచాడు. పెళ్లికొడుకు బొమ్మ దిద్దకుండానే మిగిలిపోయింది.

విజయవాడ ఆసుపత్రిలో చీటీ రాసే అమ్మాయి జక్కయ్య వైపు చూసింది. "మీ అన్నగారి వయసు చెప్పండి."

"ఎవరి అన్న?"

"ఈయనేనండీ. మీ అన్నగారు కాదా?"

జక్కయ్యకి యాభై ఎనిమిది. జుట్టింకా నల్లగానే ఉంది. నతానియేలుకి ముప్పై ఎనిమిది. తల పత్తికాయ పగిలినట్టు తెల్లబడింది. ముందుపళ్ళు నాలుగు ఊడాయి. బుగ్గలు లోపలికి పోయాయి. ఆ మాట వినగానే జక్కయ్య చెయ్యి దానంతటదే మీసం మీదికి వెళ్ళింది. "నా కొడుకు" అన్నాడు.

అమ్మాయి తల దించుకుంది. నతానియేలు నవ్వాడు. "పర్లేదమ్మా. మా నాన్న నాకంటే కుర్రాడే."

డాక్టరు పరీక్షల కాగితాలు తిరగేశాడు. "పుట్టింది అరవై ఆరులో అంటున్నారు. ఊపిరితిత్తులు, గుండె చూస్తే అరవై ఏళ్ల మనిషివిలా ఉన్నాయి. ఇన్నేళ్ళు ఆ పొగ పీలిస్తే ఒళ్ళు ముందే ముసలిదైపోతుందయ్యా."

"మానితే తిరిగొస్తుందాండీ?" అనడిగాడు జక్కయ్య.

"కొంత. మొత్తం రాదు. ఇక ముందు పోయేది ఆగుతుంది."

ఇంటికొచ్చి అరుగెక్కాక జక్కయ్య నోరు విప్పాడు. "మీ అమ్మ ఉంటే ఈ మాట విని చచ్చేది."

"నా పని నేను చేస్తున్నాగా నాన్నా. ఒక్క బొమ్మన్నా వెనక్కొచ్చిందా? దమ్ము కొడితేనే నాకు చెయ్యి నిలబడుద్ది."

హెలెన్ చేస్తున్న పని ఆపింది. లోపలికి వెళ్ళి రెండు బొమ్మలు తెచ్చి మొగుడి ముందు పెట్టింది. "ఈ పెళ్లికూతురి కళ్ళు మావయ్య వేసినవి. ఈ పెళ్లికొడుకువి మీరు వేసినవి."

పెళ్లికొడుకు కళ్ళు ఒకటి పైకి, ఒకటి కిందకి ఉన్నాయి. నల్లరంగు ముక్కు దాకా కారింది. నతానియేలు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగేళ్ళు" అన్నాడు జక్కయ్య.

"మీరూ వినండి మావయ్యా" అంది హెలెన్. ఆమె గొంతు పెంచలేదు. "మీరు దిద్దింది ఆయన కోసం కాదు. జక్కయ్య కొడుక్కి చెయ్యి పడిపోయిందని ఊళ్ళో అనుకుంటారని. ఈ వంకర కళ్ళు ఆయన ఏనాడో చూసుంటే, ఏనాడో భయపడేవాడు."

ఆ ఇంట్లో జక్కయ్యతో అంతవరకూ ఎవరూ అలా మాట్లాడలేదు. నోరుమూసుకో అనబోయాడు. పొద్దున మీసం మీదికి వెళ్ళిన చెయ్యి గుర్తొచ్చింది. కన్నకొడుకు ముసలాడైతే తన మీసం చూసుకున్న చెయ్యి అది. నాలుగేళ్ళు కొడుకు తప్పు కప్పిందీ అదే.

"అంతకుముందు నేనే వేశానుగా" అన్నాడు నతానియేలు.

"అంతకుముందు మీ అమ్మ దిద్దేది" అన్నాడు జక్కయ్య.

నతానియేలు పెళ్లికొడుకు బొమ్మని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. జక్కయ్య ఓదార్చలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"రేపటి నుంచి నేను దిద్దను. వంకర కన్నైతే వంకర కన్నే బజారుకెళ్ళుద్ది. నీ పేరు మీదే."

అన్నట్టే చేశాడు. మూడు బుట్టలు వెనక్కొచ్చాయి. ఊరు నవ్వింది. నతానియేలు గంజాయి మానబోయి చెమటలు కక్కాడు, నిద్రలేక హెలెన్ మీద అరిచాడు. ఒకరోజు గంజాయి కోసం మైలవరం దాకా పోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. పదకొండు నెలలు గడిచాయి. జుట్టు నల్లబడలేదు. పళ్ళు మొలవలేదు. దగ్గు మాత్రం తగ్గింది. ఖిల్లా కొండ సగం దాకా ఆగకుండా ఎక్కుతున్నాడు.

ఒక పొద్దున అరుగు మీద అంబారీ ఏనుగు బొమ్మ కనిపించింది. మావటివాడి కళ్ళు సూటిగా ఉన్నాయి. కుడికన్ను మాత్రం వెంట్రుకవాసి పెద్దది. అలవాటు కొద్దీ జక్కయ్య కుంచె తీశాడు. చూశాడు. కుంచె నీళ్ళలో పడేశాడు.

ఆ బుట్ట తనే విజయవాడ తీసుకెళ్ళాడు. షాపాయన ఏనుగుని అటూ ఇటూ తిప్పాడు.

"కుడికన్ను కాస్త పెద్దదైంది జక్కయ్యగారూ. ఎవరు వేశారు?"

"మావాడు."

"నతానియేలా? మళ్ళీ చెయ్యి నిలబడిందే. ఎన్నేళ్ళిప్పుడు?"

"ముప్పై తొమ్మిది" అన్నాడు జక్కయ్య, అడగకపోయినా చెప్పేవాడిలా. చెయ్యి మళ్ళీ మీసం మీదికి వెళ్ళింది. ఈసారి వెళ్ళింది కొడుకుని తలుచుకుని. దాన్ని దించలేదు.