ఐసు ఫ్యాక్టరీ దిగుడులో తుపాకీ చప్పుడు

ఆ దిగుడు రోడ్డు మంచిది కాదు. చీకటి పడ్డాక అటు వెళ్ళొద్దని ఎవరినడిగినా చెప్తారు. సగం దిగాక మలుపులో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఉంది. అందులో కాపలా ఉన్న వాచ్‌మన్ ఓ రాత్రి తన తుపాకీతో తనే కాల్చుకుని పోయాడు. అప్పట్నుంచీ ఆ మలుపులో రాత్రిళ్ళు తుపాకీ పేలుతుందంటారు. నేను వినలేదు, వినాలన్న సరదా కూడా లేదు. ఇది దిగుడు కింద ఉండే మెకానిక్ నోటి వెంట విన్నవాళ్ళు నాకు చెప్పిన సంగతి.

మెకానిక్ షెడ్డు దిగుడు కింద, వెనకాలే ఇల్లు. అత్తామామల ఇల్లు దిగుడు పైన. మామగారికి పీనాసి పెద్దాయన అని పేరు. ఊరికే వచ్చిందా ఆ పేరు? అగ్గిపుల్లని నిలువునా చీల్చి రెండుసార్లు వాడే రకం! అత్తగారు పాపం, నోట్లో నాలుక లేని మనిషి.

మెకానిక్ భార్యకి కాన్పయింది, ఆడపిల్ల పుట్టింది. మనవరాల్ని రోజూ ఒక్కసారైనా ఎత్తుకోవాలని అత్తగారి ఆరాటం. మోకాళ్ళ నొప్పులతో నడవలేదు. పెద్దాయన దుకాణం కట్టేశాక, రాత్రిపూట, తన పాత కారులో తీసుకెళ్ళాల్సిందే.

ముందు సీటు నిండా దుకాణం సామాను. ఆవిడ వెనక సీట్లో ముడుచుకుని కూర్చునేది. మలుపు దగ్గరికి వచ్చేసరికి...

ఢాం!

"ఏమండీ... వెనక్కి తిప్పేయండి..."

పెద్దాయన మారు మాట్లాడకుండా తిప్పేసేవాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. చివరికి ఆవిడ అడగడమే మానేసింది. ఫోనులో పాప ఏడుపు విని, తనూ ఏడ్చేది.

ఒక రాత్రి పాపకి ఒళ్ళు కాలిపోతోందని కూతురు ఫోన్ చేసింది. "దెయ్యమైతే దెయ్యం, పదండి" అందిట ఆవిడ. ఆ రాత్రి పేలిన చప్పుడు షెడ్డు దాకా వినిపించింది. కాసేపటికి కారు వచ్చి ఆగింది. మెకానిక్ పరిగెత్తుకెళ్ళి వెనక డోరు తీశాడు.

"రండత్తయ్యా."

ఆవిడ కదల్లేదు. కళ్ళు మాత్రం తెరుచుకునే ఉన్నాయి.

పాప జ్వరం తెల్లారేసరికి తగ్గింది. అమ్మమ్మ మాత్రం పాపని ఒక్కసారైనా ఎత్తుకోకుండానే పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పెద్దాయన కారు తెచ్చి షెడ్డులో పెట్టాడు. సైలెన్సర్ చీలిందట, అల్లుడైతే ఊరికే చేసిపెడతాడు కదా! మెకానిక్ కింద దూరి చూశాడు. పండిన దోసకాయలా, లోపల్నుంచి బయటికి చీలిపోయి ఉంది. అలా ఎందుకు చీలుతుందో అతనికి తెలుసు. నడుస్తున్న బండిని గేరులోనే ఉంచి, తాళం తిప్పి ఇంజను ఆపేస్తే, కాలని పెట్రోలంతా వెళ్ళి సైలెన్సర్లో చేరుతుంది. మళ్ళీ తాళం తిప్పారా, మొత్తం ఒక్కసారే అంటుకుంటుంది.

"మామయ్యా... మలుపులో తాళం తిప్పేవారా?"

పెద్దాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రోజూ దిగి ఎక్కాలంటే పెట్రోలెంతవుతుంది అల్లుడూ? నాలుగుసార్లు జడిపిస్తే తనే మానుకుంటుందనుకున్నాను. చస్తుందని కలగన్నానా?"

మెకానిక్‌కి ఒళ్ళు మండిపోయింది. చేతిలో స్పానరుంది. ఒక్క క్షణం దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. పెళ్ళానికి ఈ మాట ఎలా చెప్తాడు? చెప్పలేదు. చీలిక అతికించి, ఇంజను దగ్గర పొగగొట్టం బిగించే చోట మాత్రం బోల్టుల్ని వెంట్రుకవాసి వదులుగా వదిలేశాడు. దిగుడులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే ఆ సందులోంచి గాలి దూరుతుంది. గొట్టంలో మిగిలిన పెట్రోలు ఆ వేడికి అంటుకుంటుంది. తాళం తిప్పక్కర్లేదు.

మర్నాడు రాత్రి కారులో దిగి వచ్చిన పెద్దాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను తాళం ముట్టుకోలేదు... అయినా పేలింది!"

"అలాగా? చూద్దాం."

గొట్టం అతుకులో సందు లేకుండా వేసే గ్యాస్కెట్ చూశాడు. కార్బురేటర్ విప్పి తుడిచాడు. టైమింగ్ సరిచేశాడు. ముసలాయన చూస్తుండగా బోల్టులు బిగించి, అటు తిరగ్గానే వదులు చేశాడు.

"బండిలో ఏ లోపమూ కనపడ్డం లేదు మామయ్యా. ఇంజను వేడి మీదుంటేనే తెలుస్తుంది. రేపు రాత్రి మళ్ళీ ఆ దిగుడు మీదుగానే తీసుకురండి."

అలా ఎన్ని రాత్రులు రప్పించాడో! మలుపులో ఢాం అని వినపడగానే షెడ్డులో కూర్చుని నవ్వుకునేవాడు. ముసలాయన చిక్కి సగమయ్యాడు. చివరికి భార్యే బతిమాలింది. "నాన్నని చూడలేకపోతున్నానండీ. ఆ బండేదో బాగుచేసి పంపించండి."

ఆ రాత్రి మెకానిక్ బోల్టులు నిజంగానే బిగించాడు. కొత్త గ్యాస్కెట్ వేసి మరీ బిగించాడు. ఇక చాల్లే అనుకుని, రేపొక్కసారి నడిపి చూపించమని చెప్పి పంపాడు.

మర్నాడు రాత్రి...

ఢాం!

కారు వచ్చి ఆగింది. పెద్దాయన దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"చప్పుడికి అలవాటు పడ్డాను అల్లుడూ... చప్పుడయ్యాక వెనక సీట్లోంచి వచ్చే గొంతే... అది..."

"ఏ గొంతు?"

"వెనక్కి తిప్పేయండి అంటుంది. రోజూ అదే మాట. ఇవాళ మాత్రం..."

"ఇవాళ?"

"తిప్పొద్దు... పోనివ్వండి, అంది."

ముసలాయనకి మతి పోయింది అనుకుంటూ మెకానిక్ టార్చి తీసుకుని కారు కింద దూరాడు. బోల్టులు ఎక్కడ బిగించినవి అక్కడే ఉన్నాయి. కొత్త గ్యాస్కెట్ చుట్టూ చిన్న మసి మరక కూడా లేదు. గాలి దూరే సందే లేదు. మరి పేలిందేమిటి?

పాక్కుంటూ బయటికి వచ్చాడు. మెల్లగా తల తిప్పి చూశాడు. కారు వెనక డోరు బార్లా తెరిచి ఉంది.

"మీరు తీశారా?"

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు ఇంట్లోంచి భార్య గొంతు వినపడింది. సంతోషంతో పొంగిపోతోంది.

"ఎన్నాళ్ళకొచ్చావే అమ్మా! పాప మేలుకునే ఉంది... ఇదిగో, ఎత్తుకో."