నీలం బటన్

"ఆ పెట్టెలో ఏముంది ఆంటీ?" అని అడిగింది పిచ్చుక.

ఆ పిల్ల ఒక్కచోట నిలవదు. అందుకే అందరూ పిచ్చుక అంటారు. పరీక్షల రోజులు కావడంతో మధ్యాహ్నానికే బడి వదిలేశారు. బస్టాపు నిండా పిల్లలే.

చక్రాల కుర్చీలో ఉన్న ఆంటీ ఒళ్ళోని రేకు పెట్టె తెరిచి చూపించింది. సన్నటి స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, కంటికి పెట్టుకునే భూతద్దం.

"గడియారాలు బాగుచేస్తాను. ఒంటిగంటకి షాపుకి రమ్మన్నారు. వాళ్ళ ముందు ఒకటి విప్పి, బిగించి చూపించాలి. నచ్చితే ఉద్యోగం."

"నచ్చకపోతే?"

"ఆ మాట మాత్రం అనకే తల్లీ!"

బస్సు వచ్చింది. మధ్య తలుపు పక్కన, బయటివైపు, కిందుగా ఒక నీలం బటన్ ఉంటుంది. నొక్కితే డ్రైవర్ దగ్గర గంట మోగుతుంది. ఆయన దిగివచ్చి, తలుపు దగ్గర మడిచి ఉన్న ఇనుప పలకను నేలమీదికి పరుస్తాడు. దానిమీదుగా చక్రాల కుర్చీ ఎక్కుతుంది.

పిచ్చుకకు ఆ బటన్ బాగా తెలుసు. ఆ వారంలో మూడుసార్లు నొక్కి, తుర్రుమని లోపలికి పారిపోయింది. మూడుసార్లూ డ్రైవర్ మోకాళ్ళు పట్టుకుని దిగాడు. ఎవరూ లేరు. పిల్లలు పడీపడీ నవ్వారు.

ఇవాళ పిచ్చుక నొక్కలేదు. ముందు తలుపులోంచి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బయట ఆంటీ బటన్ నొక్కింది.

గంట మోగింది.

డ్రైవర్ అద్దంలోకి చూశాడు. వేరే బస్సు కోసం నిలబడ్డ పిల్లల తలలే కనిపించాయి. కుర్చీ వాటికంటే కిందుంది.

"మళ్ళీ మొదలుపెట్టారూ! ఇంక నేను దిగను, ఏం చేసుకుంటారో చేసుకోండి," అని తలుపులు మూసేశాడు.

ఆంటీ కేక పిల్లల గోలలో కలిసిపోయింది. కిటికీలోంచి పిచ్చుకకు అంతా కనిపించింది. "ఆపండి" అన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ అరిస్తే, మొన్నటిదాకా నొక్కింది ఎవరని ఆయన అడుగుతాడు.

పిచ్చుక అరవలేదు. బస్సు వెళ్ళిపోయింది. పలక ఉన్న బస్సు మళ్ళీ గంట తర్వాతే.

ఇంట్లో ముద్ద దిగలేదు. అమ్మ నుదురు తాకి చూసింది. "జ్వరం లేదే. ఏం చేసొచ్చావ్?"

పిచ్చుక చెప్పింది.

"నాకు చెప్పి ఏం లాభం? చెప్పాల్సినవాళ్ళకి చెప్పు," అంది అమ్మ.

మర్నాడు డ్రైవర్‌కు చెప్పింది.

"నీ ఆటకి మూడుసార్లు దిగాను. ఆవిడ అవసరానికి ఒక్కసారి దిగలేదు," అన్నాడు ఆయన, స్టీరింగ్ వైపు చూస్తూ.

నాలుగో రోజున ఆంటీ బస్టాపులో కనిపించింది.

"ఉద్యోగం వచ్చిందా ఆంటీ?"

"వెళ్ళేసరికి రెండు దాటింది. అప్పటికే ఇంకొకరిని తీసుకున్నారు."

పిచ్చుక తల దించుకుని అంతా చెప్పింది. నొక్కిన సంగతి, చూసి ఊరుకున్న సంగతి. "సారీ ఆంటీ."

"నొక్కావంటే పిల్లతనం అనుకుంటాను. చూసి కూడా నోరు మూసుకున్నావే, దాన్నేమనాలి?"

"సారీ ఆంటీ," అంది మళ్ళీ పిచ్చుక.

"నీ సారీ మీదుగా నా కుర్చీ బస్సెక్కదు," అంది ఆంటీ.

బస్సు వచ్చింది. ఎప్పుడూ పిచ్చుక వెంటే ఉండే కళ్ళజోడు కుర్రాడు నీలం బటన్ మీదికి వేలు చాపాడు. పిచ్చుక అడ్డం నిలబడింది.

"అబ్బో, బటన్‌కి కాపలా! నిన్నెవరు పెట్టారే?"

"పక్కకి జరగరా. ఆంటీని రానీ."

ఆంటీ ముందుకు వచ్చి నొక్కింది. గంట మోగింది. డ్రైవర్ అద్దంలోకి చూశాడు. మళ్ళీ అవే తలలు.

వాటన్నిటికంటే ఎత్తుగా ఒక చెయ్యి లేచింది.

"నిజంగానే అంకుల్! ఆంటీ ఉన్నారు!" మునివేళ్ళ మీద నిలబడి గొంతు చించుకుంది పిచ్చుక.

డ్రైవర్ దిగాడు. పలక పరిచాడు. ఆంటీ ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

రెండు చక్రాలూ లోపలికి వెళ్ళేదాకా పిచ్చుక చెయ్యి దించలేదు.