పోచమ్మ దగ్గర పెట్టిన జెర్సీ

"ముట్టకు! ఆ బట్టకు చెయ్యి తగిలిందంటే ఊకోను!"

వజ్రమ్మ కేకకి, వరసగా ఒంటి గదులున్న ఆ చాల్ గ్యాలరీ మొత్తం ఉలిక్కిపడింది. గడప బయట, నీళ్ళ డ్రమ్ము పక్కన చాప మీదున్న మనవరాలు మేఘా, గడప పక్క గూట్లోని కబడ్డీ జెర్సీ కోసం చాచిన చేతిని వెనక్కి తీసుకుంది. తెల్లవారుతూనే ఆ పిల్ల బయట చేరింది. ఒక్క గది ఇల్లు... అందులో ఆడపిల్ల నెల సంగతి దాచడానికి చోటెక్కడిది!

లోపలున్న మేఘా తల్లి నీత బియ్యం గిన్నెతోనే గడప దగ్గరికొచ్చింది. ఇవాళే రాష్ట్ర జూనియర్ జట్టుకి ఎంపిక! వచ్చే ఏడు తన కూతురికి వయసు దాటిపోతుంది. అందుకే కదా, నిన్న ఆ జెర్సీని తీసుకెళ్ళి పోచమ్మ తల్లి పాదాల దగ్గర పెట్టి, పసుపు కుంకుమలు అద్ది తెచ్చింది! ఆ జెర్సీ లేనిదే పిల్లను బరిలోకి దిగనివ్వరు. అమ్మవారికి తాకించిన బట్ట బయటున్న పిల్ల ఒంటికి తగలకూడదు! కోరి కోరి కొరివితో తల గోక్కున్నట్టయింది ఆ పిచ్చితల్లికి.

"ఈ ఒక్కపూట పోనియ్యి అత్తమ్మా... పసుపునీళ్ళు చల్లుత..."

"చల్లుతవు! నీ మొగడు పరంజా ఎక్కి బిల్డింగులకు రంగులేస్తడు. తల్లికి కోపమొచ్చి వాని కాలు జారితే ఎవల కాళ్ళు పట్టుకుంటవే?"

నీతకి అత్త మీద కోపం వచ్చింది గానీ, అంతకంటే ముందు భయం వచ్చింది. నిజం చెప్పాలంటే ఆమె కూడా నమ్మింది! పొద్దున్నే పనికెళ్ళిన భర్త శైలేష్, ఆ వెదురు కర్రల మీద... కళ్ళు గట్టిగా మూసుకుంది. పక్కింటి రాకేష్ ఆటకి వెళ్తుంటే అడ్డుపడే దేవతే లేదు, ఆడపిల్ల కదిలితే మాత్రం అందరు దేవతలకీ కోపమే!

"అమ్మా, జల్దీ! దర్శన మేడం ఫోన్ మీద ఫోన్ చేస్తుంది. నన్ను ముట్టకు అమ్మా... జెర్సీ ఇసిరెయ్, చాలు!" మేఘా రెండు చేతులూ జోడించింది.

నీత విసరలేదు. బియ్యం కడిగింది, పొయ్యి వెలిగించింది, మళ్ళీ ఆర్పింది. తోటి పిల్లలు మెట్ల కింద నుంచి పిలిచి పిలిచి గ్రాంట్ రోడ్ స్టేషన్‌కి వెళ్ళిపోయారు. ఎండెక్కింది. అప్పటిదాకా ఏడ్చిన మేఘా ఏడుపు ఆపేసింది. ఆ మౌనం మాత్రం తల్లి భరించలేకపోయింది. పాపమో పుణ్యమో, నా నెత్తినే పడనీ! అడ్డొచ్చిన అత్తని తప్పించుకుని జెర్సీ అందుకుంది, కూతురికి తనే తొడిగింది, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఫోరస్ రోడ్డు మీద టాక్సీ ఆపింది.

మైదానంలో అప్పటికే కుర్చీలు ఎత్తేస్తున్నారు. ఎంపికైనవాళ్ళ పేర్లు చదవడం కూడా అయిపోయింది! చిన్నప్పటి నుంచి మేఘాకి ఆట నేర్పిన దర్శన మేడం ఎదురొచ్చి, "ఇత్నీ దేర్ క్యోఁ, బేటా?" అని ఆలస్యానికి కారణం మాత్రం అడగగలిగింది. "గల్తీ నాది మేడం, పిల్లది కాదు!" అంటూ నీత అందరి ముందూ ఆమె కాళ్ళ మీద పడిపోయింది. ఏం లాభం...

సాయంత్రం శైలేష్ ఎప్పటిలాగే రంగు మరకల చొక్కాతో, క్షేమంగా ఇంటికొచ్చాడు. వజ్రమ్మ అమ్మవారి పటం ముందు చెంపలు వేసుకుంటూనే ఉంది. నీత గడప దాటి చాప మీద కూర్చుని, కూతుర్ని గుండెకి హత్తుకుని బావురుమంది. "మన్నించు బిడ్డా... నీ కడుపు కొట్టిన!"

మేఘా తల్లి భుజం మీద తల వాల్చింది. కోపం లేని గొంతుతో అంది:

"ఆఖరికి ముట్టుకున్నవ్ గద అమ్మా, ఏం కాలే... పొద్దుగాల్నే ముట్టుకుంటే అయిపోతుండె."

నీత కూతుర్ని వదలకుండా అలాగే కూర్చుంది.